గోడ అవతల పన్నెండు అడుగులు

జూలై 3

మూలమట్టానికి,

మీ స్కూలు నుంచి ఉత్తరం వచ్చింది. మీ అమ్మకు ఆసుపత్రిలో డ్యూటీలు మారుతున్నాయని నా చిరునామాకు పంపారు.

లెక్కల పరీక్షలో నాలుగు మార్కులు పోయాయని కాదు వాళ్ల బాధ. తప్పిన జవాబును దిద్దుబాటు పుస్తకంలో ఎర్రసిరాతో కొట్టేసి, కింద ‘నా జవాబు తప్పు’ అని రాసి సంతకం పెట్టాలి. అది నీ స్కూలు పద్ధతి. నువ్వు పెట్టనంటున్నావు. ఇరవై ఎనిమిదో తేదీలోగా పెట్టకపోతే పెద్ద లెక్కల సెక్షన్ నుంచి తీసేస్తారు. ఆ సెక్షన్‌లో లేనివాళ్ల దరఖాస్తు బిల్డింగ్ డ్రాయింగ్ కోర్సుకు తీసుకోరు. ఆరో తరగతి నుంచి నువ్వు అడుగుతున్నది ఆ కోర్సు ఒక్కటే.

కొట్టేయి. ఒక గీత. స్కేలు పెట్టి గీస్తే చూడ్డానికి కూడా బాగుంటుంది.

నేనూ మొన్న ఒక గీత గీశాను. మా బిల్డింగులో కింద మెట్ల దగ్గర కొత్త తపాలా పెట్టెలు బిగించారు. పెట్టె మీద చీటీ చిన్నది, ఒక్క పేరుకే స్థలం ఉందన్నాడు మేనేజరు. పాత కాగితంలో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఒకటి కొట్టేసి ఇచ్చాను. ఎనిమిది నెలలైంది కదా. అరనిమిషం పట్టలేదు.

నేను బాగానే ఉన్నాను. వారానికి మూడు రోజులు ఆఫీసుకు వెళ్తున్నాను. కొత్తవాళ్లు కంప్యూటర్లో గీసిన ప్లాన్లు కాగితం మీద సరిచూడటం నా పని. వంటింటి కుళాయి కారుతోంది. వాషరు కొన్నాను. వేయలేదు.

ఆదివారం ఫోన్ చేయకు. ఫోనులో నాకు మాట రాదు. రాయి.

తాతయ్య

•

జూలై 7

తాతయ్యా,

కొట్టేయను. ముందే చెప్పేస్తున్నాను, మిగతా ఉత్తరం చదివినా చదవకపోయినా మీ ఇష్టం.

అసలు ప్రశ్నేమిటో మీకెవరూ చెప్పి ఉండరు. పదమూడు అడుగుల నిచ్చెన గోడకి ఆనించి ఉంది. దాని పైకొస గోడను తాకే ఎత్తు, నిచ్చెన కాలికీ గోడకీ ఉన్న దూరం కన్నా ఏడడుగులు ఎక్కువ. ఆ దూరం ఎంత? గోడా నేలా కలిసేది లంబకోణం, మీరు నాకు పేరుగా పెట్టిన మూలమట్టం సరిగ్గా కూర్చునే మూల. నిచ్చెనే కర్ణం. దూరం x అనుకుంటే ఎత్తు x + 7. రెండింటి వర్గాలూ కలిపితే 169. విప్పి సర్దితే:

x² + 7x − 60 = 0

ఇక్కడిదాకా మాస్టారు పక్కన ‘శభాష్’ అని రాశారు. ఈ వర్గ సమీకరణానికి జవాబులు రెండు. 5, −12. నేను రెండూ రాసి, కింద ‘రెండూ సరైనవే’ అన్నాను. అంతే, శభాష్ కాస్తా సున్నా అయిపోయింది. ‘దూరం ఎక్కడైనా మైనస్ ఉంటుందా? రెండోది తీసేయాలి’ అట.

ఎందుకు తీసేయాలి? వేసవి సెలవుల్లో అమ్మమ్మ నాకు ఏం చెప్పేదో మీరు పక్క గదిలోంచి వినే ఉంటారు. “సమీకరణం రెండు జవాబులు చెప్పిందంటే ఊరికే చెప్పదే. అర్థం కాకపోతే పక్కన పెట్టుకో. పారేయకు.” పక్కన పెట్టుకున్నాను. తప్పని ఎలా రాయను?

క్లాసులో ఏమైందో చెప్తా. మాస్టారు, “ఏమ్మా, నిచ్చెన్ని మైనస్ పన్నెండు అడుగుల దూరంలో పెట్టి చూపించు, మార్కులు ఇచ్చేస్తా” అన్నారు.

“చూపిస్తా సార్.”

“ఎప్పుడు?”

“ముందు నిచ్చెన ఇప్పించండి.”

క్లాసంతా ఒకటే నవ్వు. నా రూమ్మేటుకి కబురు తెలిస్తే నిమిషంలో హాస్టలంతా తెలుస్తుంది, అందుకే దాన్ని రేడియో అంటాం. సాయంత్రానికి వంటవాళ్లు కూడా ‘నిచ్చెనమ్మా’ అని పిలుస్తున్నారు.

అమ్మమ్మ ఆకుపచ్చ అట్ట నోటుపుస్తకం పంపండి. అందులో నిచ్చెన బొమ్మ ఒకటి ఉన్నట్టు గుర్తు. వెంటనే పంపండి.

ఎనిమిది నెలలంటే అమ్మమ్మ పోయిన దగ్గర్నుంచి. మీరు కొట్టేసింది తన పేరా?

అరనిమిషం కూడా పట్టలేదా తాతయ్యా?

మీ మూలమట్టం

•

జూలై 11

మూలమట్టానికి,

పుస్తకం పంపలేను. ఆ అలమర ఖాళీ చేశాను.

మాస్టారు చెప్పిందే సరి. నలభై ఏళ్లు ప్లాన్లు గీశాను. ఏ కొలతా మైనస్ వేయలేదు. నీ కోర్సు ఒక గీతకు అవతల ఉంది. గీసి వెళ్లు.

తపాలా పెట్టె సంగతి నాది. అందులో నువ్వు కలగజేసుకోకు.

తాతయ్య

•

జూలై 15

తాతయ్యగారికి,

అవును, ‘గారే’. కోపంగా ఉన్నాను కాబట్టి.

అమ్మకి ఫోన్ చేసి అడిగాను. “అవునే, నాన్న అలమరంతా ఖాళీ చేసేశారు, నేనొచ్చేసరికి ఒక్కటీ లేదు” అంది. పాత కాగితాలవాడికి ఇచ్చేశారా? వాడు అట్ట చింపి కాగితాలు పొట్లాలు కట్టేసి ఉంటాడు ఈపాటికి. అడిగితే నేను ఆ పుస్తకాలన్నీ మంచం కింద పెట్టుకుని ఉండేదాన్ని. అడగలేదు మీరు.

సరే, పుస్తకం లేకుండానే ప్రయత్నించాను. ఆటస్థలం పక్కన రెండువైపులా ఖాళీగా ఉన్న గోడ ఒకటుంది. రంగులు వేసేవాళ్ల నిచ్చెన సరిగ్గా పదమూడు అడుగులు. ఒకవైపు కాలు అయిదడుగుల దూరంలో పెడితే పైకొస పన్నెండు దగ్గర ఆనింది. లెక్కలో చెప్పినట్టే. అవతలికి మోసుకెళ్లి కాలు పన్నెండడుగుల దూరంలో పెట్టాను. పైకొస అయిదడుగుల ఎత్తులో ఆనింది. మైనస్ అంటే అవతలి వైపు అన్నమాట! ఎగిరి గంతేసి మాస్టార్ని పిలుచుకొచ్చాను.

ఆయన చూశారు. “బాగుందమ్మా. ఎత్తెంత?”

“అయిదు సార్.”

“దూరం మైనస్ పన్నెండు అన్నావు కదా. దానికి ఏడు కలిపితే?”

“మైనస్ అయిదు.”

“నీ నిచ్చెన ప్లస్ అయిదు దగ్గరుంది. మైనస్ అయిదంటే నేలలోకి. పాతిపెడదామా మరి?”

నిచ్చెన దించేశాను తాతయ్యా. వెక్కిరించలేదు ఆయన. నిచ్చెన తిరిగి తీసుకెళ్లేటప్పుడు రెండో కొస ఆయనే పట్టుకున్నారు. “సంతకం పెట్టేయమ్మా, తెలివైనదానివి, ఆ సెక్షన్‌లోంచి పోకు” అన్నారు. మంచివాడు కాకపోతే నాకు పని ఎంత సులువయ్యేదో.

ఆ ప్రశ్న ఏదో పాత ప్రశ్నల పుస్తకంలోంచి తీసుకున్నారట. లైబ్రరీలో దొరికింది. ఆ పేజీ జిరాక్స్ తీయించి పంపుతున్నాను. బొమ్మలో గోడకి ఒకవైపే ఉంది. వెనక జవాబుల్లో 5 ఒక్కటే ఉంది. నలభై ఏళ్లు గీశారు కదా, చూసి చెప్పండి. ఈ బొమ్మలో లోపమేమిటి?

ఇంకా సంతకం పెట్టని
మూలమట్టం

•

జూలై 19

మూలమట్టానికి,

జిరాక్స్ చేరింది. ఈ బొమ్మ గీసింది నేను.

పైన చదునుగా ఉన్న ‘3’ చూడు. నా చేతి అంకె. ముప్పై ఒక్క ఏళ్ల కిందట మీ అమ్మమ్మ ఆ పుస్తకం తయారుచేసినవాళ్లలో ఒకరు. ప్రశ్న ఆమె రాసింది. బొమ్మ నన్ను గీయమంది. నేను గీసిన బొమ్మలో గోడ మధ్యలో ఉంది. కుడివైపు నిచ్చెన. ఎడమవైపు రెండో జవాబు. ప్రశ్న చివర ‘రెండు జవాబులకూ అర్థం చెప్పండి’ అని ఉంది.

ప్రెస్సువాళ్లు బొమ్మకు మూడంగుళాల వెడల్పు ఇచ్చారు. పట్టలేదు. ఆమెను అడగకుండా ఎడమవైపు కత్తిరించి ఇచ్చాను. ఎడమవైపు లేకపోయాక చివరి వాక్యానికి అర్థం లేదని ప్రెస్సువాడు దాన్నీ తీశాడు. రెండో జవాబునూ తీశాడు.

పుస్తకం ఇంటికి వచ్చిన రోజు ఆ పేజీ తెరిచి నా ముందు పెట్టింది. స్థలం లేదన్నాను. “సగం ఇల్లు కూల్చి స్థలం లేదంటారా?” అంది. మూడు రోజులు మాట్లాడలేదు. తర్వాత మాట్లాడింది. ఆ బొమ్మ సంగతి మాత్రం మళ్లీ ఎత్తలేదు.

అలమర ఖాళీ చేసింది నిజం. చీరలు ఇచ్చేశాను. పుస్తకాలు ఎవరికీ ఇవ్వలేదు. ఆఫీసులో నా డ్రాయింగ్ బల్ల కింద, ప్లాన్లు పరిచే వెడల్పాటి సొరుగులో ఉన్నాయి. ఇంట్లో ఉంటే కనబడతాయి. అందుకని. తాడు కట్టి పెట్టాను. నిన్న విప్పాను. ఆకుపచ్చ పుస్తకం, నలభై మూడో పేజీ. నీకు గుర్తున్నదే నిజం.

ఆ గోడ నిజంగా ఉంది. ఆమె మొదట పనిచేసిన స్కూల్లో, లైబ్రరీ వెనక గోడ. దాని ప్లాను మా ఆఫీసులోనే, నేనే గీశాను. గోడకు ఇవతల అటక మీదికి ఇనుప నిచ్చెన. అవతల నేలమాళిగలోకి పుస్తకాల బండి దింపే ర్యాంపు. ర్యాంపు మరీ నిటారుగా ఉంది, బండి జారిపోతోంది అని మా ఆఫీసుకు వచ్చి నాతో దెబ్బలాడిన లెక్కల టీచరే మీ అమ్మమ్మ. అప్పుడూ స్థలం లేదనే అన్నాను.

నిన్న మధ్యాహ్నం టేపు పట్టుకుని వెళ్లాను. వాచ్‌మన్ ఆపాడు.

“ఎవరు కావాలండీ?”

“ర్యాంపు.”

“అది మూసేసి పదేళ్లయింది. ఎవరూ దిగరు.”

“నేను దిగుతాను. ఈ కొస పట్టుకో.”

పట్టుకున్నాడు. నాచు పట్టింది కానీ కొలత మారలేదు. ర్యాంపు పైఅంచు, గోడకు పన్నెండడుగుల దూరంలో, నేల మట్టాన ఉంది. కిందిఅంచు గోడను తాకే చోటు నేలకు అయిదడుగుల కింద. ఏటవాలు పొడవు పదమూడు. గోడకు ఇవతలి దూరం ప్లస్ అనుకుంటే అవతలిది మైనస్. నేలకు పైది ప్లస్ అనుకుంటే కిందిది మైనస్. −12కి ఏడు కలుపు. −5. నీ నిచ్చెనను పాతనక్కర్లేదు. నేల తవ్వి ఉన్న చోట పెట్టాలి.

ఏ కొలతా మైనస్ వేయలేదని రాశాను. అబద్ధం. ప్రతి నేలమాళిగకూ వేశాను.

సంతకం పెట్టకు.

సోమవారం, ఇరవై ఎనిమిదిన, వస్తున్నాను. మాస్టారుతో మాట్లాడతాను.

తాతయ్య

•

జూలై 23

తాతయ్యా,

రాకండి.

ముందు క్షమాపణ. పాత కాగితాలవాడి మాట వెనక్కి తీసుకుంటున్నాను. ‘గారు’ కూడా. ర్యాంపు దగ్గరికి వచ్చేసరికి చదువుతూనే మంచం మీంచి దూకాను. రేడియో భయపడి నీళ్లు తెచ్చింది. దానికి బొమ్మ గీసి చూపించా. అది మిమ్మల్ని తిట్టిందో పొగిడిందో తెలియదు. “మీ తాతయ్య ముప్పై ఏళ్ల కిందట కత్తెర పెడితే ఇప్పుడు నీ నాలుగు మార్కులు తెగాయా? ఆయన చేత నెల్లాళ్లు గిన్నెలు తోమించు” అంది.

కానీ రాకండి. మీ ‘మాట్లాడతాను’ నాకు తెలుసు. ఎనిమిదో తరగతిలో సైన్సు మేడంతో గొడవైనప్పుడూ ఇలాగే మాట్లాడతానని వచ్చారు. వచ్చి, “చిన్నపిల్ల, ఈసారికి వదిలేయండమ్మా” అన్నారు. వదిలేశారు. నేను చెప్పింది నిజమో కాదో మాత్రం ఎవరూ చూడలేదు. ఈసారి నన్ను వదిలేయక్కర్లేదు. తప్పయితే తప్పని రుజువు చేయమనండి, లేకపోతే ఒప్పుకోమనండి. జాలి మార్కులు నాకొద్దు. పుస్తకం పంపండి, చాలు. సోమవారం హెడ్‌మిస్ట్రెస్ గదిలోకి నేనొక్కదాన్నే వెళ్తాను. పెద్దవాళ్లు బయట బెంచీ మీద కూర్చోవడమే ఇక్కడ రూలు కూడా.

ఇంకో మాట. చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. అమ్మమ్మ ఆ బొమ్మ సంగతి మళ్లీ ఎత్తలేదని రాశారు. మీతో ఎత్తలేదేమో. నాతో ఎత్తింది. చివరి వేసవిలో ఈ నిచ్చెన లెక్కే చెప్తూ, “దీనికి ఇంకో సగం ఉందే. మీ తాతయ్య గీస్తారు, తీరికైనప్పుడు” అంది. నాకప్పుడు అర్థం కాలేదు. ఏదో మామూలు బొమ్మ అనుకున్నాను.

మీ మూలమట్టం

•

జూలై 25

మూలమట్టానికి,

వస్తున్నాను. బతిమాలడానికి కాదు. బెంచీ మీదే కూర్చుంటాను.

ఆమె అన్న మాట చదివాను.

ఆఫీసుకు రెండు రోజులు సెలవు పెట్టాను. తీరికైంది.

బొమ్మ గీసిన షీటు ముప్పై అంగుళాలు. మడతపెట్టను. కొరియరువాడికి ఇవ్వను. చుట్ట చుట్టి, బస్సులో నిలబడైనా పట్టుకొస్తాను. గేటు దగ్గర నీ చేతికిస్తాను. ఆ తర్వాత నీ ఇష్టం.

తాతయ్య

•

జూలై 30

తాతయ్యా,

బస్సుకు టైమైందని గబగబా వెళ్లిపోయారు. నేను చెప్పింది సగమే. మిగతాది ఇది.

షీటు పరిస్తే హెడ్‌మిస్ట్రెస్ బల్లంతా నిండిపోయింది. టీ కప్పులు, ఫైళ్లు, ఆవిడ కళ్లజోడు డబ్బా అన్నీ కిటికీలో పెట్టాల్సొచ్చింది. నాలుగు మూలలా నాలుగు పుస్తకాలు బరువు పెట్టాను. మధ్యలో గోడ. కుడివైపు నిచ్చెన. ఎడమవైపు ర్యాంపు, దాని కింద మీరు చుక్కలు చుక్కలుగా వేసిన మట్టి.

మాస్టారు ర్యాంపు మీద వేలు పెట్టారు. కిందికి జరిపారు. గోడ దగ్గర ఆగి, పెదవులతో లెక్క వేసుకున్నారు.

“ఇది ఎక్కడుంది?”

“మా అమ్మమ్మ పనిచేసిన స్కూల్లో సార్. మా తాతయ్య మొన్న దిగి కొలిచొచ్చారు.”

“బాగానే ఉంది. కానీ ప్రశ్నలో ర్యాంపు మాటే లేదు కదా?”

“బొమ్మలో ఉండేది సార్. కత్తిరించేశారు.”

“ఎవరు?”

“బయట బెంచీ మీద కూర్చున్నాయనే.”

హెడ్‌మిస్ట్రెస్ కిటికీలోంచి మిమ్మల్ని తొంగి చూశారు. మీరప్పుడు కుళాయి తిప్పి చూస్తున్నారు, మా వరండాలోది. అది కూడా కారుతుందా అనా? ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయారు.

తర్వాత అసలు మాటకొచ్చారు. పరీక్ష అయిపోయింది, జవాబుల పత్రంలో 5 ఒక్కటే ఉంది, నాలుగు మార్కులు తిరిగి ఇవ్వడం కుదరదన్నారు. “ఇవ్వకండి మేడం. నేల కింద సంగతి ప్రశ్న అడగలేదు, నిజమే. అడిగిన అయిదు నేను రాశాను. మైనస్ పన్నెండు అడగనిది, తప్పు కాదు. తప్పని మాత్రం రాయను” అన్నాను. గొంతు పెద్దదైందని తర్వాత తెలిసింది. బయట మీకు వినబడిందా?

“సంతకం లేకుండా సెక్షన్‌లో ఎలా ఉంచుతాం?” అన్నారు ఆవిడ.

మాస్టారు నా దిద్దుబాటు పుస్తకం లాక్కున్నారు. ఎర్రపెన్ను తీసి, నా జవాబు కింద ఆయనే రాశారు: ‘జవాబు తప్పు కాదు. ప్రశ్న సగమే ఉంది.’ రాసి ఆయనే సంతకం పెట్టారు. “సంతకం ఉంది మేడం” అన్నారు. ఆ పుస్తకంలో మాస్టారి సంతకం పడటం స్కూల్లో ఇదే మొదటిసారట. రేడియో మొన్నటి నుంచీ ఇదే ప్రసారం చేస్తోంది.

సెక్షన్‌లోనే ఉన్నాను. మార్కులు పోయాయి. పోనీండి.

షీటు క్లాసు గోడకి వేలాడదీస్తామంటున్నారు మాస్టారు. కానీ కింద కుడిమూల, గీసినవాళ్ల పేరు రాసే గడి ఖాళీగా ఉంది. మీరెప్పుడూ అది ఖాళీగా వదలరు కదా. మర్చిపోయారా?

మీ నిచ్చెనమ్మ (ఇప్పుడు మాస్టారు కూడా అలాగే పిలుస్తున్నారు)

•

ఆగస్టు 3

మూలమట్టానికి,

వినబడింది. మెట్లదాకా వినబడింది.

మర్చిపోలేదు. ఎవరి పేరు ముందు రాయాలో తేలక వదిలేశాను. ఇప్పుడు తేలింది. ఆమెది ముందు. కింద నాది. నువ్వే రాయి. నిటారు అక్షరాలు, పావు అంగుళం ఎత్తు. అక్షరాలకు పైనా కిందా ముందు పెన్సిలు గీతలు గీసుకో. సిరా ఆరాక వాటిని చెరిపెయ్యి.

నిన్న మేనేజరు దగ్గరికి వెళ్లాను. తపాలా పెట్టె చీటీ మారుస్తానన్నాను.

“కాగితం మీరే కొట్టేసి ఇచ్చారు కదండీ” అన్నాడు.

“తప్పుగా కొట్టేశాను.”

“రెండు పేర్లకి స్థలం లేదండీ. అందరికీ చెప్పినట్టే మీకూ చెప్తున్నా.”

చీటీ కొలిచాను. మూడంగుళాల వెడల్పు. ప్రెస్సువాళ్లు ఇచ్చిందీ అంతే. ఇంటికి తెచ్చి, సన్న నిబ్బుతో రెండు వరుసలు రాశాను. తీసుకెళ్లి నేనే దూర్చాను. అతను కళ్లజోడు పైకెత్తి చదివాడు.

“ఉండేది మీరొక్కరే కదా. రెండో పేరెందుకండీ?”

“అది తప్పు కాదు.”

“పైవాళ్లు అడిగితే తీసేయాల్సి వస్తుంది మరి.”

“తీయండి. మళ్లీ రాస్తాను. సిరా ఉంది.”

ఈరోజు పొద్దున్న చూశాను. ఉంది.

ఆకుపచ్చ పుస్తకం వేరే పార్సిల్లో పంపుతున్నాను. నలభై మూడో పేజీలో ఆమె కాగితం ముక్క పెట్టుకుంది. దాన్ని తీయకు. మిగతా పుస్తకాలు ఆఫీసు నుంచి తెచ్చి అలమరలో సర్దాను. కుళాయికి వాషరు వేశాను. ఆదివారం కావాలంటే ఫోన్ చెయ్యి. నువ్వు మాట్లాడు, నేను వింటాను.

చీటీ మీద రెండు పేర్లూ పట్టాయి. పక్కన ఇంకా కొంచెం స్థలం మిగిలింది.

తాతయ్య